పదివేలు అడుగు

"దగ్గరిది కనిపించడం లేదు," అంది పిన్ని.

"దూరానిది మాత్రం ఎవరికి కనిపిస్తోంది?" అన్నాడు కళ్ళజోళ్ళ దుకాణంవాడు తల ఎత్తకుండానే.

కోడ్ సరిపోయింది. ఫ్రేముల బీరువా ఒక జానెడు పక్కకి జరిగింది. పిన్ని చీపురు గోడకి ఆనించి, ఒళ్ళు ముడుచుకుని ఆ సందులోంచి లోపలికి దూరింది. ఎయిర్‌పోర్టు కింది అంతస్తులో ఆ దుకాణం పెట్టి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఒక్క కళ్ళజోడూ అమ్ముడుపోలేదు. అయినా ఎవడికీ అనుమానం రాలేదు. జనం తెలివి మీద గూఢచారి డిపార్ట్‌మెంటుకి ఉన్న నమ్మకం అలాంటిది.

లోపల పెద్దసారు గుండ్రంగా తిరిగే కుర్చీలో గుండ్రంగా తిరుగుతున్నాడు. బల్ల మీద నాలుగు టెలిఫోన్లున్నాయి. వాటిలో ఒకటే పనిచేస్తుంది. మిగతావి హోదా కోసం.

"టైమ్?" అన్నాడు.

"ఒకటీ ఇరవై."

"విను. గద్ద రింగ్, అదే ఆ విదేశీ ముఠా, ఈ ఎయిర్‌పోర్టులో దిగింది. టార్గెట్, కొత్త పెద్ద జెట్. మోటివ్ సింపుల్. పెద్ద జెట్లు మన రన్‌వే మీంచి క్షేమంగా లేవలేవని లోకానికి చూపిస్తే, ఆ సర్వీసులన్నీ సముద్రం అవతల వాళ్ళ ఎయిర్‌పోర్టుకి పోతాయి. ఎప్పుడు కొడతారు, ఎలా కొడతారు అన్నది తెలీదు. కేసు నెమలి చూస్తోంది. నువ్వు ఊడుస్తూ ఉండు."

పిన్నికి ఇది అలవాటే. ఆరేళ్ళుగా స్వీపర్ వేషంలో ఉంది. ఈ ఆరేళ్ళలో రెండు రింగుల్ని పట్టించింది. నడుం నొప్పి ఆమెకి మిగిలింది, పతకాలు పెద్దసారుకి దక్కాయి. ఆమె యూనిఫారం జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు ముక్కలుగా చింపిన కాగితం. గోధుమరంగు టేపుతో అతికించి ఉంది.

"డిస్పాచ్ రూమ్ చెత్తబుట్టలో దొరికింది సార్."

పెద్దసారు చదివాడు. "రెండు గంటలు. పదివేలు అడుగు." కుర్చీ ఆపి నవ్వాడు. "ఇది స్పై మెసేజ్ అంటావా? ఎవడో లంచగొండి వెధవ ఇంకో లంచగొండికి రాసుకున్నాడు, రెండింటికి వచ్చి పదివేలు అడగమని. ఇలాంటివి ఈ బిల్డింగులో బుట్టకి నాలుగు దొరుకుతాయి."

"లంచం అడిగేవాడు కాగితం మీద రాసుకుంటాడా సార్? అంత అమాయకుడైతే ఆ ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తాడు?"

"మరేమిటంటావ్?"

"ఇది అడగడం కాదు సార్. కొలత. మన రన్‌వే పొడవు పదివేల అడుగులు. మన భాషలో పుట్టినవాడెవడూ 'పదివేలు అడుగు' అని కొలత చెప్పడు. ఇది రాసినవాడు డిక్షనరీ తెరిచి, మాట పక్కన మాట పేర్చాడు. అలాంటివాడు ఇక్కడ ఒక్కడే ఉన్నాడు. రన్‌వే చివర తారు వేయిస్తున్న కన్సల్టెంటు."

"ఆయన గవర్నమెంటు గెస్టు!"

"గెస్టే. నిన్న నన్ను చూసి 'అమ్మ, మీరు చెత్త ఉన్నారు' అన్నాడు. చెత్త ఎత్తుతున్నారని ఆయన భావం కాబోలు."

పెద్దసారు నవ్వలేదు. పిన్ని గొంతు తగ్గించింది.

"రన్‌వే అవతలి చివర రెండువేల అడుగులు మూసేసి కొత్త తారు పోశారు. ఇంకా గట్టిపడలేదు. అంటే ఇవాళ వాడుకోడానికి ఉన్నది ఎనిమిదివేలే. రెండింటికి పెద్ద జెట్ లేస్తుంది. ఫుల్ లోడు, పద్నాలుగు గంటలకి సరిపడా ఇంధనం, పైగా నడినెత్తిన ఎండ. ఎండకి గాలి పలచబడితే రెక్కకి ఊతం తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. ఈ లోడుతో దానికి తొమ్మిదివేల ఆరువందలు కావాలి. ఎనిమిదివేలలో లేవాలంటే సగం ఇంధనం దించి, దారిలో ఎక్కడో దిగి నింపుకోవాలి. అలా కాకుండా పదివేలున్నాయని ఎవరైనా పైలట్‌కి చెబితే..."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"ఆరేళ్ళు డిస్పాచ్ రూమ్ ఊడిస్తే గోడలకైనా వస్తుంది సార్."

ఆమె చెప్పనిది ఒకటుంది. ఆ జెట్ నడిపే కెప్టెన్ ఆమె తమ్ముడు.

పదమూడేళ్ళు చిన్నవాడు. ఆమె చంకలో పెరిగాడు. పుట్టుకతోనే ఒక జబ్బు, ఎవర్నీ ఏమీ అడగడు. ఆరేళ్ళప్పుడు బడినుంచి వస్తూ దారి తప్పి, అడిగితే నామోషీ అని చీకటిపడేదాకా నడుస్తూనే ఉన్నాడు. ఆమె వెతికి పట్టుకుని, వీపు మీద మోసుకొస్తూ దారి పొడుగునా తిట్టింది. "నోట్లో నాలుక లేదట్రా? అడుగు! అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?" ఇప్పుడు భుజాల మీద నాలుగేసి బంగారు పట్టీలు. అక్క స్వీపరని తెలిసిన దగ్గర్నుంచి పలకరింపు లేదు. పెళ్ళికి పిలవలేదు. ఈ పొద్దున వరండాలో ఎదురుపడి, "ఆ బకెట్ పక్కకి జరుపు," అన్నాడు. అక్కా అనలేదు. ఆమె జరిపింది. వేషం వేషమే.

పెద్దసారు పనిచేసే ఫోను ఎత్తాడు. "నెమలీ? నీ కింద పనిచేసే పిన్ని ఏదో అంటోంది. చూడు. కన్సల్టెంటుగారి మీద అనుమానమట... ఆ, కాగితం నా దగ్గరే ఉంది."

పిన్ని నుదురు కొట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుంది. ఇంట్లో దొంగ ఉన్నాడేమోనని దొంగనే అడిగే ఇంటి యజమానిని ఆమె ఇప్పుడే చూస్తోంది. ఎందుకంటే ఆ కాగితం దొరికిన బుట్ట నెమలి బల్ల కింది బుట్ట. ఆ మాట చెప్పేలోపే పెద్దసారు ఫోను ఎత్తేశాడు. ఇక చెప్పినా నమ్మడు.

*

డిపార్ట్‌మెంటు డిస్పాచ్ రూమ్‌లో నాటిన స్టార్ ఏజెంటు నెమలి. నీలిరంగు సూటు, మడమ కింద మూడంగుళాల మేకు, కెమెరా దాచిన లిప్‌స్టిక్, నాలుగు గదుల అవతలికి కొట్టే సెంటు. ఆమె నవ్వితే పెద్దసారుకి ఫైళ్ళు కనిపించవు. పైలట్‌కి లోడెంత, పరుగెంత, రన్‌వే ఎంత అని లెక్క షీటు ఇచ్చేది ఆమే.

పిన్ని ఇనుప మెట్లెక్కి, నడవా దాటి, డిస్పాచ్ వైపు మలుపు తిరిగేసరికి నెమలి ఎదురొచ్చింది.

"పిన్నీ! నీకోసమే వస్తున్నా. సార్ అంతా చెప్పారు. ఇక్కడ కాదు, గోడలకి చెవులుంటాయి. సామాన్ల గదిలోకి రా."

"కెప్టెన్‌కి ఇచ్చిన షీటులో ఎంత రాశావమ్మాయ్?"

"అబ్బ, ఎంత తొందర!" నెమలి ఆమె భుజం మీద చెయ్యేసి, తీయగా లోపలికి నడిపించి, అంతే తీయగా బయటికి తప్పుకుని తలుపు లాగేసింది. తాళం పడింది. "పదివేలు రాశా పిన్నీ," అంది తలుపు అవతలనుంచి. "రిపేరు పూర్తయింది, రన్‌వే మొత్తం తెరిచారని చెప్పా. నమ్మాడు. మీ పైలట్లకి సూటు కనిపిస్తే చాలు, లెక్క కనిపించదు."

"మూడొందల పన్నెండు మంది ఉన్నారే దానిలో!"

"నేను లేనుగా."

మడమల చప్పుడు టకటకమంటూ దూరమైంది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఆ గుడ్డకి సెంటు కూడా పూస్తారని పిన్నికి ఇవాళే తెలిసింది.

చీకట్లో తడుముకుంటే కాలికి మెత్తగా తగిలింది. టార్చి వేసింది. పసుపుపచ్చ టార్పాలిన్ పట్టాలు, నాలుగు చుట్టలు. రన్‌వే మూసిన చోట 'ఇటు రావద్దు' అని పైలట్లకి కనిపించేలా ఇంటూ గుర్తు వేసి మేకులు కొట్టిన పట్టాలవి. వాటిని పీకి ఇక్కడ పడేశారు. ఇంక అనుమానానికి చోటు లేదు. రన్‌వే నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈ చివర నిలబడ్డ పైలట్‌కి ఆ చివర కనిపించదు. టవర్ వాళ్ళకేమో ఈ ఎండలో అటంతా ఎండమావే. ఉబ్బు దాటాక కనిపించి లాభం లేదు. అప్పటికి ఆగే వేగం దాటిపోతుంది. ముందు మెత్తటి తారు, దాని వెనక రోలర్లు, డ్రమ్ములు, కంకర గుట్టలు.

టవర్ వాళ్ళు పైలట్‌కి రన్‌వే మూసిన నోటీసు అందిందనుకుంటారు. పైలట్ ఏమో మారితే టవరే చెబుతుందనుకుంటాడు. మధ్యలో ఒక్క మాట అడిగేవాడు లేడు. రింగ్ వేసిన ప్లానులో బాంబు లేదు, తుపాకీ లేదు. మన బద్ధకం మీద, మన టెక్కు మీద వాళ్ళు పెట్టుకున్న నమ్మకమే ఉంది. పిన్నికి ఒళ్ళు మండింది. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి ఆమె దగ్గరేమీ లేదు మరి.

ఒకటి నలభై ఒకటి.

జడలోంచి డిపార్ట్‌మెంటు వారి సీక్రెట్ హెయిర్‌పిన్ను తీసింది. ఏ తాళమైనా అర నిమిషంలో తీస్తుందని ట్రైనింగులో చెప్పారు. అర నిమిషంలో విరిగింది. అప్పుడామెకి అసలు సంగతి గుర్తొచ్చింది. ఈ తలుపు గడియ ఒక్క మర మీద వేలాడుతోందని ఆమె రెండేళ్ళుగా మెయింటెనెన్సుకి ఫిర్యాదులు రాస్తోంది. పదకొండు ఫిర్యాదులు! వాళ్ళు ఒక్కదానికైనా కదిలి ఉంటే ఇవాళ మూడొందల పన్నెండు ప్రాణాలు పోయేవి. పిన్ని తుడుపుకర్ర సందులో దోపి, నడుం నొప్పినంతా పోగేసి ఒక్క తన్ను తన్నింది. గడియ, తాళం, మర మూడూ కలిసి నేల మీద పడ్డాయి.

"సోమరుల కడుపు చల్లగుండ," అనుకుంటూ పరుగెత్తింది.

టవర్ మెట్ల దగ్గర గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాస్?"

చూపించింది. మెషీన్ ఎర్రగా కూసింది. నెమలి పని.

"క్యాన్సిల్ అయింది పిన్నీ. ఎవర్నైనా తిట్టావా?"

"ఇంకా లేదు. టవర్‌కి ఒక్క ఫోను చెయ్యి బాబూ. ఆ పెద్ద విమానాన్ని ఆపమను."

గార్డు పగలబడి నవ్వాడు. "ఏం, అందులో ఊడవడం మర్చిపోయావా?"

ఆమె వాడి ముఖం గుర్తుపెట్టుకుని వెనక్కి తిరిగింది. ఒకటి యాభై రెండు.

*

రన్‌వే ఊడ్చే బండి షెడ్డులో ఉంది. ముందు రెండు గుండ్రటి బ్రష్షులు, లోపల పాత సీటు, సీటు పక్కన రేడియో. ఈ రేడియో డిపార్ట్‌మెంటు ఇచ్చిన గాడ్జెట్ కాదు. రన్‌వే ఎక్కే ప్రతి బండీ టవర్‌ని అడిగి ఎక్కాలి కాబట్టి అందులో ఉంటుంది. కాబట్టే పనిచేస్తుంది.

ఆమె బండిని రన్‌వే పక్క దారిలో వదిలింది. పెద్ద జెట్ అప్పటికే ఈ చివర నిలబడి ఉంది. ఇల్లంత ఇంజన్లు నాలుగు. వాటి వెనక ఎండ నీళ్ళలా కదులుతోంది. రేడియోలో టవర్ గొంతు వినిపించింది. "టేకాఫ్‌కి క్లియర్."

పిన్ని బటన్ నొక్కింది. "టవర్! స్వీపర్ బండి. ఆ విమానాన్ని ఆపండి! వాళ్ళ దగ్గర తప్పు లెక్కుంది..."

"స్వీపర్ బండి, నోరు మూసుకో!" అన్నాడు టవర్‌వాడు. "టేకాఫ్ జరుగుతుంటే నీ సోదేమిటి? ఫ్రీక్వెన్సీ ఖాళీ చెయ్యి!"

ఇంజన్ల హోరు పెరిగింది. బండి అద్దాలు గడగడలాడాయి. చక్రాలు కదిలాయి. పిన్ని ఎడమ చేత్తో గేరు వేసి పట్టుకుంది. మాట పనిచేయకపోతే బండే అడ్డం పెట్టాలి. నాలుగొందల టన్నుల ముందు చీపురు బండి. అయినా సిద్ధపడింది. కుడిచేత్తో మళ్ళీ బటన్ నొక్కింది.

ఈసారి టవర్‌తో మాట్లాడలేదు. తప్పు లెక్క గురించి చెప్పలేదు. చెబితే తమ్ముడు వినడు. ఎవరు ఏం చెప్పినా వాడు వినడు.

"ఒరేయ్ తమ్ముడూ! ముందు ఎంతుందో టవర్‌ని అడుగు. నోట్లో నాలుక లేదట్రా? అడుగు!"

జెట్ పరుగందుకుంటోంది. ఒక క్షణం. రెండు క్షణాలు. రేడియోలో హోరు తప్ప ఏమీ లేదు. మూడో క్షణంలో, ఆరేళ్ళ పిల్లాడు దారి అడిగినట్టు, కెప్టెన్ గొంతు వినిపించింది.

"టవర్... ముందు రన్‌వే ఎంతుంది?"

"ఎనిమిదివేల అడుగులు! అవతలి చివర మూసే ఉంది. పొద్దున నోటీసు అందలేదా మీకు?"

జవాబుకి బదులు ఇంజన్లు ఒక్కసారిగా గొంతు మార్చాయి. బ్రేకులు కీచుమన్నాయి. చక్రాల కింద పొగ లేచింది. ముక్కు కిందికి వంగింది. పెద్ద జెట్ ఊగి, తూలి, నడుమ ఉబ్బుకి కొంచెం ఇవతల ఆగింది.

పిన్ని గేరు తీసింది. బండిని అవతలి చివర వైపు తిప్పింది.

*

అవతలి చివర సర్వీసు దారిలో ఒక జీపు కాపు కాసి ఉంది. కన్సల్టెంటు బైనాక్యులర్స్‌తో తమాషా చూడ్డానికి వచ్చాడు. అతనితో పారిపోడానికి నెమలి వచ్చింది. విమానం ఉబ్బు దాటి రాకపోయేసరికి వాళ్ళకి సంగతి తెలిసిపోయింది. గేటు వైపు సెక్యూరిటీ సైరన్ మోగింది. కన్సల్టెంటు అడ్డదారి పట్టాడు. రెండువేల అడుగుల కొత్త తారు మీదుగా.

తారు గట్టిపడలేదని అందరికంటే అతనికే బాగా తెలియాలి. వేయించింది అతనే. మూడొందల పన్నెండు మందిని ముంచడానికి దాన్ని మెత్తగా ఉంచిందీ అతనే. కంగారులో అదే మర్చిపోయాడు. జీపు ఇరుసుదాకా దిగబడింది. దిగి పరుగెత్తబోతే నెమలి మడమలు రెండు మేకుల్లా దిగాయి. చెప్పులు వదిలి అడుగేస్తే పాదాలు అంటుకున్నాయి. నీలి సూటు నల్లబడింది. సెంటు వాసన పోయి తారు వాసన మిగిలింది.

పిన్ని బండిని గట్టి నేల మీద ఆపి, తీరిగ్గా దిగింది.

"అమ్మా," అన్నాడు కన్సల్టెంటు చేతులు జోడించి, మోకాళ్ళదాకా తారులో. "నేను ఏమి చేసాడు లేదు. మీరు నాకు చెయ్యి ఇచ్చు."

"ముందు 'లు' పెట్టడం నేర్చుకో నాయనా. తర్వాత మనుషుల్ని చంపుదువు గాని."

"పిన్నీ, నన్ను లాగు," అంది నెమలి. "నేను డబుల్ ఏజెంటుని. లోపల ఉండి వాళ్ళ గుట్టు లాగుతున్నా. సార్‌కి తెలుసు. సార్‌ని అడుగు."

"అడుగుతా. నీ హ్యాండ్‌బ్యాగ్‌లో కెప్టెన్‌కి అందాల్సిన నోటీసు ఏం చేస్తోందో కూడా అడుగుతా." హ్యాండ్‌బ్యాగ్ తారు మీద తెరుచుకుని పడి ఉంది. నోటీసు తెల్లగా బయటికి వచ్చింది. పిన్ని చీపురుకర్ర చాచి దాన్ని మాత్రం లాక్కుంది. "నువ్వు అక్కడే ఉండమ్మాయ్. కదిలితే మడమ విరుగుతుంది."

*

ప్రయాణికుల్ని మెట్ల మీంచి దించుతున్నారు. వాళ్ళలో సగం మంది ఆలస్యమైందని కెప్టెన్‌ని తిడుతున్నారు. ప్రాణం దక్కిన సంగతి వాళ్ళకి తెలీదు. తెలిస్తే దానికీ తిట్టేవారే.

కెప్టెన్ టోపీ చేత్తో పట్టుకుని ఊడ్పు బండి దగ్గరికి వచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది. పిన్ని బ్రష్షులకి అంటిన తారు గీకుతోంది. తల ఎత్తలేదు.

"అక్కా."

"ఊఁ."

"ఒకటి అడగనా?"

"రెండోసారి అడుగుతున్నావ్ ఇవాళ. అలవాటైపోతుంది జాగ్రత్త."

"నువ్వు నిజంగా... ఏం పని చేస్తావు?"

"కనిపించడం లేదూ? ఊడుస్తాను." ఆమె గీకడం ఆపింది. "ఆ బకెట్ ఇటు జరుపు."

నాలుగు పట్టీల కెప్టెన్ వంగి, బకెట్ జరిపాడు. ఆమె దాన్లో చేతులు కడుక్కుంది. వాడు అక్కడే నిలబడ్డాడు. వెళ్ళమని ఆమె చెప్పలేదు.

నాలుగింటికి బీరువా జానెడు జరిగింది. లోపల పెద్దసారు పైవాళ్ళకి పంపే రిపోర్టు స్వయంగా రాసేసి, కింద సంతకం పెట్టి, సిరా ఆరడానికి ఊదుతున్నాడు. నెమలి మీద తనకి మొదటినుంచీ అనుమానమేనని మొదటి పేరాలో ఉంది. తన వ్యూహం ప్రకారమే ఒక కింది స్థాయి ఉద్యోగి రేడియోలో మాట్లాడినట్టు రెండో పేరాలో ఉంది.

"చదువు పిన్నీ. నీ ప్రస్తావన కూడా ఉంది. ఎలా ఉంది?"

పిన్ని ఒక్కో మాటా చదివింది. మూడో పేరా దగ్గర ఆగింది. 'ఘటన జరిగిన సమయంలో రన్‌వే పొడవు ఎనిమిదివేలు అడుగు' అని ఉంది.

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, పనిచేసే ఫోను ఆయన వైపు జరిపింది.

"బాగానే ఉంది సార్. ఇది రాసినవాణ్ణి కూడా అరెస్టు చేయమంటారా?"